పాతది అంటే

కార్డ్లాలో ఫిబ్రవరి. పొద్దున తొమ్మిదైనా
కిటికీలో ఇంకా నిన్నటి చీకటే.
దీవి కార్యాలయంలో హీటరు పక్కన కూర్చుని
నీకు వాక్యాలు రాస్తున్నాను.

నీకు ముఖం లేదు.
కాఫీ తాగవు, తలూపవు,
"అంటే ఏంటండీ?" అని మధ్యలో అడ్డం రావు.
రాసింది రాసినట్టు చదువుకుని
అక్షరం పొల్లుపోకుండా చేసేస్తావు.
అదే నా భయం.

నిరుడు నవంబరులో ఒక పనిముట్టుకి
ఒకే ఒక్క ముక్క రాశాను:
"పాత పేజీలను తీసేస్తుంది."
చలికి పెదాలు కదపడం ఇష్టంలేనివాడు చెప్పినట్టు.
రాసి, కోటు తొడుక్కుని ఇంటికి పోయాను.

ఆ రాత్రి నువ్వు నలభై ఒక్క పేజీలు తీసేశావు.
ఎప్పటిదో చేపల సంత. మూతబడ్డ ఉన్ని మిల్లు వేళలు.
రద్దయిన పడవల టిక్కెట్ ధరలు.
వాటితో పాటు
ఏడేళ్ళుగా ఎవరూ తెరవని
మంచుదారి పేజీ.

ఎందుకు తెరుస్తారు?
ఏడేళ్ళుగా సముద్రం గడ్డకట్టందే.

ఈ ఏడు కట్టింది.
ఎండెల్ బర్మాతో బెజ్జం వేసి, కొలకర్ర దించి,
మంచు మీద నిలబడే ఫోన్ చేశాడు:
"ఇరవై నాలుగు సెంటీమీటర్లు, హిల్యె.
దారి తెరుస్తున్నాం. నియమాలు పెట్టమ్మా."

వెతికాను. లేదు.

టాలిన్ నుంచి రేట్ తెర మీదికొచ్చి
తప్పు నీదేనంది, అనుమతులు కత్తిరించమంది.
నేను నీ చిట్టా తెరిచాను.
"పాతది అంటే ఏమిటో వివరణలో లేదు.
ఏడాదికి మించి మార్పు లేనిదిగా తీసుకున్నాను."
కోపం లేదు, సంజాయిషీ లేదు. రెండే వాక్యాలు.
వాటిని రేట్‌కి చదివి వినిపించాను,
నా గొంతు నాకే బాగోలేదు.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు.
మంచు మీద నడవనివాళ్ళెవరో అని ఉంటారు.

నియమాలు ఎండెల్ నోటినుంచే మళ్ళీ రాసుకున్నాను.
"సీటు బెల్టు పెట్టుకోకూడదు."
కలం ఆగింది. ప్రపంచమంతా పెట్టుకోమంటుంటే?
"మంచు విరిగితే ఒక్క ఉదుటున బయట పడాలి కదా.
అదీ రాయి. ఎందుకో రాయకపోతే
బుద్ధున్నవాడెవడూ నమ్మడు."
"ఇరవై అయిదు దాటకు, లేదంటే నలభైకి పైన పో.
మధ్యలో వద్దు. ఆ వేగానికి కింద నీళ్ళలో అల లేచి
మంచుని అడుగునుంచి పగలేస్తుంది."
ప్రతి నియమానికీ ఒక ఎందుకు,
ఒక్కో ఎందుకు వెనకా, ఆయన పేరు చెప్పని ఎవరో.

ఆ రాత్రి నీ పనిముట్టు దగ్గరికి తిరిగొచ్చాను.

"ఇది పేజీని దాస్తుంది. చెరపదు.
చెరిపేది వేరే పనిముట్టు. దాన్ని పిలిచేముందు మనిషిని అడుగు,
ఎందుకంటే చెరిపింది తిరిగి రాదు.
పేజీ పాతదో కాదో తేదీని బట్టి, చూసినవాళ్ళ లెక్కను బట్టి తేల్చకు.
మంచుదారి, తుఫాను బస, పడవలు ఆగినప్పుడు డాక్టరు,
వీటిని ఏళ్ళ తరబడి ఎవరూ చూడరు.
చూసిన రోజు చాలా అవసరంగా చూస్తారు.
అర్థం కాకపోతే ఊహించకు. ఆగి అడుగు."

ఇంకో వాక్యం కూడా రాశాను:
ఈ దీవిలో కొన్ని పేజీలు సముద్రం కోసం కనిపెట్టుకుని ఉంటాయి.
అది నీకు పనికిరాదు. కొట్టేశాను.
ఊరికే పారెయ్యడమెందుకని ఇక్కడ పెట్టుకున్నాను.

ఇవాళ పొద్దున నీ మొదటి ప్రశ్న వచ్చింది:
"శీతాకాలపు పేజీలు అన్నారు.
శీతాకాలం ఏ తేదీన అయిపోతుంది?"

కిటికీలోంచి చూశాను.
దారి పొడుగునా పాతిన జూనిపర్ కొమ్మలు,
వాటి మధ్య నెమ్మదిగా, తలుపు ఓరగా తీసి పెట్టుకుని
పాల బండి.

ఎండెల్‌ని అడిగి చెప్తాను, అని రాశాను.