ఆరున్నొకటి

రాత్రి పదకొండుకి ఐసు పెట్టె వచ్చింది
కార్లైల్ నుంచి. డ్రైవర్ భుజాల మీద ఇంకా వాన.
సంతకం పెట్టి మూత తీశాను.
లోపల ఒక క్లోమం, జానెడు లేదు,
పండీ పండని పనస తొన రంగులో.

ఇచ్చినాయన పేరు చెప్పరు.
నలభై నాలుగేళ్ళు, బైకు, తడి రోడ్డు.
పుచ్చుకునే ఆవిడ పేరూ చెప్పరు.
బరువు మాత్రం చెబుతారు: అరవై రెండు కిలోలు.
కిలోకి ఐదు వేల చొప్పున
మూడు లక్షల పదివేల దీవులు కావాలి.

దీవులనే అంటారు వీటిని.
క్లోమంలో నూటికి ఒకటో రెండో పాళ్ళు.
మిగతాదంతా తిన్నది అరిగించే రసాల కార్ఖానా.
ఈ కాసిన్ని గుంపులే
నెత్తుటిలో తీపెంతుందో రుచి చూసి
ఇన్సులిన్ ఎంత వదలాలో తేల్చుకుంటాయి,
ఎవరూ చెప్పకుండా, నిద్రలో కూడా.

స్టీలు గిన్నెలో గోళీలు, ఎంజైము, ముప్పై ఏడు డిగ్రీలు.
గెయిల్ కాసేపు, నేను కాసేపు కుదుపుతాం.
తొందరపడితే కండ వదలదు,
ఆలస్యమైతే దీవులే చితుకుతాయి.
అన్నం మెతుకు పట్టి చూసినట్టు
రెండేసి నిమిషాలకి ఒక చుక్క తీసి చూస్తాను.
రంగు వేస్తే అవొక్కటే ఎర్రబడతాయి,
గోరింటాకు పండినట్టు.

గెయిల్ క్లిక్కర్ నొక్కుతుంది. నాది నోటి లెక్క.
లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు,
ఆరున్నొకటి, ఎనిమిది.
మా నాన్న చక్కెర మిల్లు గేటు దగ్గర
చెరకు బళ్ళు ఇలాగే లెక్కపెట్టేవాడు.
మొదటి బండి ఒకటి కాదు, లాభం.
ఆరు తర్వాతిది పేరు పెట్టి పిలవకూడదు,
పిలిస్తే వచ్చి కూర్చుంటుంది.
ఏం లెక్క అది, అంది గెయిల్.
మా భాషలో ఆ అంకెకి కన్నీళ్ళున్నాయి, అన్నాను.

ఐదింటికి తేలింది: రెండు లక్షల అరవై ఒక్క వేలు.
చాలవు.
హెక్సమ్‌లోనో డర్హమ్‌లోనో ఒక ఫోను మోగుతుంది.
సర్దుకున్న సంచి మళ్ళీ విప్పుకుంటుందామె.
షుగరు పడిపోతున్నా ఆమెకి చెమట పట్టదట,
చెయ్యి వణకదట,
మాట సగంలో ఉండగా దీపం కొండెక్కుతుందట.
రోజూ రాత్రి రెండింటికి ఆమె భర్త
అలారం పెట్టుకుని లేచి వేలు గుచ్చి చూస్తాడట.
కాగితంలో ఉన్నది అంతే.

చాలని దీవులు పరిశోధనకి పోతాయి.
మర్నాడు నా వంతు.
ముందు తక్కువ చక్కెర నీళ్ళు పోశాను, ఊరుకున్నాయి.
ఎక్కువ చక్కెర పోశాను.
పలికాయి. రెండున్నర రెట్లు.

ఆ మనిషి పోయి రెండు రోజులు.
ఇక ఏ టీలోనూ చెంచా తిప్పడు.
ఆ కబురు వీటిదాకా రాలేదు.
తీపి తగిలింది, తలుపు తీశాయి.
నేను అంకెలు రాసుకుని
చాలాసేపు గ్లవ్స్ తీయకుండా కూర్చున్నాను.

సాయంత్రం సర్జరీ నుంచి నర్సు ఫోను.
పోయిన వారం పరగడుపున తీసిన నెత్తురు.
సెవెన్ పాయింట్ జీరో, సరిగ్గా గీత మీద,
మళ్ళీ ఒకసారి చూద్దాం, కంగారు పడకు, అంది.
ఆరున్నొకటి, అన్నాను.
ఏమన్నావు? ఏం లేదు.

నాలోనూ ఉన్నాయిగా, లక్షల్లోనే.
ఎన్ని నైట్ డ్యూటీల బిస్కట్లకి,
ఎన్ని అర్ధరాత్రి కోలాలకి
విసుక్కోకుండా పలుకుతూ వచ్చాయో.
అలిసిపోయాయేమో. రంగు వేసి చూడలేను.
అద్దం కింద పెట్టి లెక్కపెట్టలేను.

మెట్రో ఒక స్టాపు ముందే దిగాను.
టైన్ వంతెన ఇనుప దూలాల మీద
సముద్రపు పిట్టలు గూళ్ళ కోసం తన్నుకుంటున్నాయి.
కింద చేపల వాసన, బీరు వాసన.
అడుగులు లెక్కపెట్టాను.
లాభం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు.
ఏడు, అన్నాను పైకే.
ఒక్క పిట్టా తల తిప్పలేదు.
ఎనిమిది.