వడపోతకు ముందు

ఫహాహీల్‌లో రాత్రి పదకొండు.
ఏసీ నీళ్ళు బకెట్లో పడుతున్న చప్పుడు.
అప్‌లోడ్ మీట దగ్గర వేలు ఆపి
డాక్టర్ హైతమ్‌కి ఫోన్ చేశాను.
"పత్రిక వాళ్ళేమన్నారు?"
"రెండో సమీక్షకుడు ఇంకా చదువుతున్నాడట."
పోయిన సెప్టెంబరు నుంచీ చదువుతూనే ఉన్నాడు.

నూట పన్నెండు మంది, ఒక్క వేసవి.
పనికి ముందు రెండు చుక్కలు, పని దిగాక రెండు చుక్కలు.
నేనే తీశాను, మహబూలా క్యాంపు మెస్సులో
పప్పు గిన్నెలు పక్కకి జరిపి.
చెయ్యి చాపుతూ ఒకడు అడిగాడు:
"అక్కా, ఇదెప్పుడు అచ్చయితది?"
పేపర్లో అతను నలభై ఒకటి.
నాకు లింబాద్రి.
తొందర్లోనే అన్నాను.

కిడ్నీ చేసేదీ వడపోతే, పత్రిక చేసేదీ వడపోతే.
మొదటిదానికి నిమిషానికింత అని లెక్కుంది.
రెండోదాన్ని అడిగితే
"పరిశీలనలో ఉంది" అని ఒక పచ్చ గుండ్రం.
వడపోత వద్దని కాదు,
ఎవరికో పచ్చినీళ్ళు తాగించి పేరు తెచ్చుకోవాలనీ లేదు.
కానీ వడగాలికి వడపోత తెలీదు.
మే నెల వచ్చేసింది.
పొద్దున ఆరింటికే ఇనప మెట్ల పిట్టగోడ
చేతిని చుర్రుమనిపిస్తోంది.

నొక్కాను.

పైన ఎర్రక్షరాల్లో వాళ్ళే వేశారు:
నిపుణులు ఇంకా పరిశీలించని ప్రతి.
ఆ వాక్యం నచ్చింది నాకు.
గోడకి "రంగు తడి" అని రాసిపెట్టినట్టుంది.

తెల్లారేసరికి ఒకే ఒక్క ఉత్తరం,
సోహార్ నుంచి తంకమణి అనే నర్సు:
"మూడో పట్టిక, ఆరో వరస.
చుక్క ఒక అంకె పక్కకి జరిగింది. చూసుకోండి."
చూశాను. జరిగింది.
చెవులు కాలాయి, ఎండకి కాదు.
ఎనిమిది నెలలుగా ఇద్దరు పెద్దల బల్లమీదున్న పట్టిక!

దిద్ది రెండో ప్రతి పెట్టాను.
మొదటిది చెరగదు,
తేదీతో సహా అక్కడే ఉంటుంది,
నా పేరు కింద నా తప్పు.

ఉత్తరం చివర ఇంకో మాట:
"మా సైటులో ఇవాళ్టి నుంచి
రెండు విరామాలు ఎక్కువిస్తున్నారు.
మీ పేపరే తీసి చూపించాను,
ఆ తప్పున్నదే."
దానికేం జవాబు రాయాలో
ఇప్పటికీ తోచలేదు.

మధ్యాహ్నం లింబాద్రి.
"అచ్చయిందా అక్కా?"
"కాలేదు. చదవడానికైతే ఉంది."
"మరి నలభై ఒకటి ఎట్లున్నది?"

అతని వరస తెరిచి
ఒక్కో అంకే చదివి వినిపించాను,
చుక్క ఎక్కడుందో
రెండుసార్లు చూసుకుంటూ.