ఈగంత మాట

డంగానన్‌లో మంగళవారం రాత్రులు
లైబ్రరీ మేడ మీద, మూలుగుతున్న హీటరు పక్కన
మాంసం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన తొమ్మిదిమందికి
నేను ఇంగ్లిష్ చెబుతాను.
జీతం లేదు. టీ వాళ్లది, బిస్కెట్లు నావి.
ముప్పై ఏళ్లు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చున్నదాన్ని,
చిరునామాలో ఒక్క అంకె తప్పితే
ఉత్తరం ఎన్ని ఊళ్లు తిరిగొస్తుందో నాకు తెలుసు.

ఆవేళ బోర్డు మీద రాశాను: యూజ్డ్ టు.
ఇదిగో, 'ఐ యూజ్డ్ టు' అంటే
ఒకప్పుడు చేసేదాన్ని, ఇప్పుడు లేదు.
మధ్యలో ఈగంత 'యామ్' వాలిందా,
అలవాటు పడిపోయానని.
మొదటిది వెనక తలుపు వేసుకున్న చప్పుడు.
రెండోది బూట్లు విప్పి లోపల కూర్చోవడం.

తైమూరులో కాఫీ గింజలు అమ్మిన డొమింగాస్ రాసింది:
ఐ యూజ్డ్ టు సెల్ కాఫీ.
ఒప్పు. పక్కన చిన్న కప్పు బొమ్మ కూడా వేసింది.
జసింటా రాసిన 'ఐ యామ్ యూజ్డ్ టు వేక్ ఎట్ ఫోర్'లో
వేక్‌ని వేకింగ్ చేశాను.
"నాలుగింటికి లేవడమే నరకం,
దానికి మళ్లీ తోక కూడానా?" అంది.
అందరూ నవ్వారు, నేనూ నవ్వాను,
తోక మాత్రం తీయలేదు.

జెఫెరినో పుస్తకంలో ఒక్కటే వాక్యం:
ఐ యూజ్డ్ టు ద కోల్డ్.
ఆకుపచ్చ పెన్నుతో (ఎర్ర సిరా నాకు పడదు)
సందులో 'యామ్' ఇరికించబోతే
చెయ్యి అడ్డం పెట్టాడు.
ఫ్రీజరు గది కొరికిన వేళ్లు, గోళ్ల చుట్టూ పగుళ్లు.
"తెలుసు మిస్. అక్కడ యామ్ రావాలి.
ఇంకా రాలేదు."

దానికీ ఓ మాటుంది, అన్నాను,
'గెటింగ్' అని,
గుమ్మంలో నిలబడ్డవాళ్ల కోసం.
అతను చాలాసేపు ఆలోచించాడు.
కింద ఎవరో కుర్చీలు పేర్చుతున్నారు.
"అదీ అబద్ధమే మిస్.
నేను గుమ్మం దాకా రాలేదు."

తప్పుకి గీత కొట్టడం నా పద్ధతి.
దీనికేం చేయాలో తోచక
తేదీ వేసి పుస్తకం ఇచ్చేశాను.

ఇంటికెళ్తే కోటు అంచున నీళ్లు కారుతున్నాయి.
టెలిఫోను బిల్లు వెనక
నేనూ ఒక వాక్యం రాసి చూసుకున్నాను:
ఐ యామ్ యూజ్డ్ టు ద రెయిన్.
ఈ వానలోనే పుట్టి డెబ్బై రెండేళ్లు.
యామ్ దగ్గర పెన్ను కాసేపు ఆగింది.

వ్యాకరణం ప్రకారం మాత్రం ఒప్పే.