అయిదు నిమిషాల బండి

సీసాల్లో చెరువునీళ్ళు తెచ్చి నా బల్ల మీద పెడతారు రొయ్యల రైతులు,
"మంచి నీళ్ళే మేడమ్" అంటారు, కళ్ళు కిటికీ వైపు తిప్పి.
ఒక చుక్క తీసి గాజుపలక మీద వేస్తాను.
పదకొండేళ్ళుగా కావలిలో ఇదే నా బతుకుతెరువు.
మనిషి ఎన్నయినా చెప్పనీ, చుక్కతోనే నా మాట.

అందుకే ముసునూరులో
మాలకొండయ్య గారు షెడ్డు తలుపు తీసినప్పుడు
ఆ కారు మెరుపుకి నేనేం పొంగిపోలేదు.
తొమ్మిదేళ్ళ బండి. నాలుగు వేల రెండొందల కిలోమీటర్లు.
సీట్ల మీద కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవరు ఇంకా అట్టే ఉంది,
కూర్చుంటే మందులషాపు సంచిలాగా చప్పుడు చేసింది.
"తిరగని బండమ్మా, అరచేతిలో పెట్టుకుని చూసుకున్నా."

మెకానిక్ శిలార్ ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు,
జ్వరం చూసినట్టు.
"చల్లగున్నప్పుడు చూడాలంటిమి గదా సార్, తిప్పినారా?"
"రోజూ తిప్పుతా. ఆరింటికి. అయిదు నిమిషాలు."

పుల్ల లాగాడు, గుడ్డతో తుడిచాడు,
మళ్ళీ దించి మళ్ళీ లాగాడు.
ఆయిల్ పైగీత దాటి ఉంది.
"తగ్గాల్సింది పెరిగిందేందబ్బా" అని వేళ్ళ మధ్య రుద్ది
నా ముక్కు దగ్గర పెట్టాడు. పెట్రోలు వాసన.
జారుడు లేదు, పలచటి చారులాగా వేళ్ళ సందున కారిపోతోంది.
పాత పేపరు మీద ఒక చుక్క వేశాడు,
నడుమ నల్లగా నిలిచి, చుట్టూ తడి పాకింది.
ఆ తరవాత మూత విప్పి
లోపలి వైపు నాకు చూపించాడు.
మీగడ.
కార్తీకం ముసురు, సముద్రపు గాలి, చల్లటి ఇనుము,
ఎన్ని పొద్దుల తేమో అక్కడ చేరి తోడుకుంది.

"అయిదు నిమిషాలకి నీళ్ళు పుడతాయి సార్, పోవు.
పోవాలంటే ఇంజను ఒళ్ళు కాగాల, దూరం పోవాల."
తలుపు అంచున చీటీ: ఆయిల్ మార్చి ఏడేళ్ళు.
"పదివేలకి మార్చమని రాశారు గదా,
ఇంకా కాలేదుగా" అన్నాడాయన, బడిపిల్లాడిలా.

అప్పుడు చెప్పాడు, స్పానర్ల పెట్టె వైపు చూస్తూ.
పోస్టాఫీసు ఉద్యోగం. చీటీ పాడి కొన్న కారు.
పది రోజులు నేర్చుకున్నాడు.
పదకొండో రోజు రైలుగేటు ఎత్తు మీద బండి ఆగిపోయింది.
వెనక లారీలు. హారన్లు. ఎవడో దిగొచ్చి
అద్దంలోకి తల పెట్టి అన్న మాట
ఆయన మాకు చెప్పలేదు.
ఆ నాలుగు వేలూ బామ్మర్ది తిప్పినవి.
"నేను ఇక్కడే నడిపా" అన్నాడు, షెడ్డు చూపించి.

మీటరుకి చక్రాల లెక్కే తెలుసు.
రోజూ ఆరింటికి స్టీరింగు పట్టుకుని
మూసిన రేకు తలుపు వైపు చూస్తూ కూర్చున్న మనిషిని
అది ఒక్క కిలోమీటరుకి కూడా ఎక్కించుకోలేదు.
ఆయిల్ ఎక్కించుకుంది.

పధ్నాలుగు వేలు తగ్గించాడు, బేరం ఆడకుండానే.
శిలార్ పాత ఆయిల్ వంచి కొత్తది పోశాక
దగదర్తి దాకా హైవే మీద నేనే నడిపాను.
పక్క సీట్లో ఆయన,
లారీ ఎదురైనప్పుడల్లా అక్కడ లేని బ్రేకు తొక్కుతూ.
కాసేపటికి బానెట్ సందుల్లోంచి కమురు వాసన వచ్చింది,
శిలార్ వెనక నించి "కాగనీ మేడమ్, కాగనీ" అన్నాడు.

తాళాలు ఇచ్చేటప్పుడు ఒకటే చెప్పాడాయన:
"పొద్దున తాళం తిప్పినాక కొంచెం ఆగి అందుకుంటాది.
భయపడబాకమ్మా."

నిజమే.
కొంచెం ఆగే అందుకుంటాది.