కాటా దగ్గర

పున్నారావు ఆ మాట అన్నది మార్చిలో,
మిర్చి యార్డు గేటు బయట టీ బండి దగ్గర,
నాగూర్‌బీ తాగి పెట్టిన గ్లాసు చూపించి.

సాయంత్రానికి అతని మెడలో చెప్పుల దండ.
అందులో ఒకటి నాది, ఉంగటం తెగింది.
లాలాపేట దాకా నడిపించాం.
నేను ఈల కూడా వేశాను,
అంతకు ముందు వారం అదే మాటకి
అతని పక్కన కూర్చుని నవ్విన నోటితోనే.

ఇప్పుడతను ఏమీ అనడు.
తూకం చెప్పి తల దించుకుంటాడు.
ఇంట్లో మాత్రం
కంచం ముందు కూర్చుని ఆ మాటే నములుతాడట,
ఇంకాస్త కారం దట్టించి.
వాళ్ళబ్బాయికి పదేళ్ళు. కంఠతా వచ్చేసింది.

"మరేం లాభం?" అన్నాను నాగూర్‌బీతో.
తొడిమలు తీసే చెయ్యి ఆగలేదు.

"ఆయన మారాడో లేదో నాకెందుకు బాబూ.
ఆర్నెల్లుగా నా చెవులు చల్లగా ఉన్నాయి.
ఆ పిల్లోడంటావా,
రేపు వాడూ ఈ కాటా దగ్గరికే వస్తాడు.
అప్పుడూ ఈలేస్తావా?"

ఘాటు గొంతుకి అడ్డం పడింది,
లేదా పడిందన్నట్టు దగ్గాను.

టీ వచ్చింది.
ఆమె సంచిలోంచి
సొంత గ్లాసు తీసింది.