పంట రక్షణ నిమిత్తం

రసీదులో నీలం సిరాతో ఇట్లా రాసిచ్చారు:
మందు కూరే ఒంటిగొట్టం తుపాకి, ఒకటి.
మడమ దగ్గర చీలిక, ఇత్తడి తీగ చుట్టినది.
హక్కుదారు పిళ్ళప్ప, అరవై ఎనిమిదేళ్ళు.
అవసరం: పంట రక్షణ నిమిత్తం.

రాగి వెన్నులు వంగే నెలలోనే
పంచాయితీ ఎలక్షను పెట్టాలని ఎవరికి తోచిందో.
లైసెన్సు ఉన్నోళ్ళంతా స్టేషన్లో అప్పగించాలని
బీటు కానిస్టేబులు బండి దిగకుండానే చెప్పిపోయాడు.
మామ దాన్ని గోనెపట్టాలో చుట్టి
ఆనేకల్ బస్సులో కిటికీ పక్కన కూచోబెట్టాడు.
"ఏంది తాతా, పనసకాయా?" కండక్టరు.
"ఇల్లరికం అల్లుడు సామీ.
మూల నిలబడి నూనె తాగుతాడు,
పని మాత్రం చెప్పకూడదు."
బస్సంతా నవ్వింది.
పక్క సీట్లో అసలు అల్లుణ్ణి, నేనూ నవ్వాను,
టికెట్లు రెండూ నా డబ్బుతోనే కొని.

స్టేషను వరండాలో నలభై దాకా చేరాయి
గోడకు ఆనుకుని, మెడలో అట్టముక్కలతో,
బడిలో మొదటిరోజు పిల్లల్లాగా.
సగం పేలవు. కొన్నింటికి మీటే లేదు.
"కాయితం ఉన్నోడినే కాయితం అడుగుతారు.
అడివిలో ఉచ్చు పెట్టేవోడి తుపాకికి
ఊరూ లేదు, పేరూ లేదు"
హారగద్దె నుంచి వచ్చిన ముసలాయన గొణిగాడు.
రైటరు తల ఎత్తలేదు.
"నిజమే గౌడా. ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

మా వంతు. గొట్టంలోకి ఇనుప చువ్వ దూర్చారు.
సగంలో ఆగింది.
గుచ్చి, తిప్పి, బోర్లించి తడితే
బల్ల మీద రాలింది ఎర్రమట్టి.
కుమ్మరిపురుగు గూడు, అరలరలుగా కట్టుకున్నది,
లోపల ఎండిన పచ్చపురుగులు నాలుగు.
"తాతా, దీంతోనా ఏనుగుల్ని తరిమేది!"
పోలీసులు నవ్వారు. వచ్చినోళ్ళు నవ్వారు.
ఈసారి మామ నవ్వలేదు.
ఆ గూడు ఒక్క ఏడాదిది కాదు.

మూడేళ్ళ కింద, అమావాస్యకు ముందు రాత్రి
చేలో కదిలింది పందని ఎవరో కాల్చారు.
పంది కాదు, ఈరన్న.
భుజంలో రవ్వలు ఐదు.
మూడింటిని జిగణి కాంపౌండరొకడు తీశాడు, చీటీ రాయకుండా.
రెండు ఎముక పక్కనే ఉండిపోయాయి,
ముసురు పట్టే ముందు ఈరన్నకే మొదట తెలుస్తుంది.
కాల్చిందెవరని ఊళ్ళో ఎవరూ అడగలేదు.
కళ్ళం ఎత్తిన రోజు మా బండి నుంచి రెండు మూటలు
ఈరన్న వాకిట్లో ఎందుకు దిగుతాయని
ఇల్లరికం వచ్చినవాణ్ణి, నేనూ అడగలేదు.

ఆ నెలంతా మంచె మీద పళ్ళేల చప్పుడు, పాత టైరు మంట,
రాతి ఫ్యాక్టరీ నైటుషిఫ్టు మానుకున్న నా గొంతు.
ఏడో రాత్రి బన్నేరుఘట్ట అడివిలోంచి మూడొచ్చాయి,
పిల్లది మధ్యలో.
తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ.
ఉత్తరాన బెంగుళూరు దీపాలకు ఆకాశం కమిలి ఉంది.
అక్కణ్ణించి వచ్చే నా సూపర్వైజరు అంటాడు:
"ఈ కాలంలో మీకు తుపాకులేందిరా,
అన్నీ లాగేసుకోవాలి."
పక్క మంచె మీంచి ఈరన్న అరుస్తాడు, బాగున్న చెయ్యెత్తి:
"తుపాకి లేకుంటే ఎట్లా అల్లుడా!
ఏనుగు మన నోటికి భయపడుతుందా?"
ఇద్దరికీ తల ఊపాను,
ఒకరికి పగలు, ఒకరికి రాత్రి.

లెక్కింపు అయిన వారానికి మామ నన్నే పంపాడు.
"నీ పేరుకు మార్చమని అర్జీ పెట్టు.
నాకు చూపు ఆనడం లేదు."
రైటరు ఫారం తిప్పి అడిగాడు, అవసరం ఏమని.
పెన్ను గాల్లో ఆగి ఉంది.
పాతదే రాయమన్నాను.

ఇంటికి తెచ్చేసరికి మాపటేళ.
మామ గోనె విప్పి, గొట్టంలోకి ఊది,
"శుభ్రంగా తుడిచారే" అన్నాడు
ఏదో పోగొట్టుకున్నవాడిలా.
మందుకొమ్ము దించలేదు. రవ్వల డబ్బా అడగలేదు.
ఎప్పటి మేకుకే తగిలించాడు,
మూతి మాత్రం ఈసారి
కిటికీ వైపు.