తిండికి కాదు

గ్యారేజీలో మూడు బొమ్మల పుస్తకాలు పరిచినాడు బాబా జాసిం,
పెళ్ళిసంబంధాల ఫోటోల మాదిరి.
ముప్పయ్యేళ్ళు చమురు కంపెనీలో సంతకాలు పెట్టిన చెయ్యి,
ఇప్పుడు దానికి పని కావాలంట.
నేను అరలమీద దుమ్ము తుడస్తా ఉండా.
నిన్నటి గుబారు సల్వా పేట మొత్తం పసుపు పూసిపోయింది.

టిగ్, అన్నాడు వేలు పెట్టి.
ఆ పేజీ నగలంగడి మాదిరి మెరస్తా ఉంది.
మిగ్, అన్నాడు.
తుపాకి నొక్కితే తీగ తనంతట తానే వస్తుందంట.
మూడోది చిన్నది, భుజానికి తగిలించుకునేది,
రాడ్డు పెట్టి కాల్చేది.
దాన్ని చూసి పెదివి విరిచినాడు.

చీపురు పట్టుకున్నదానికి ఆ మాటలెందుకు?
నోరు ఊరుకోలేదు.
"ఏం అతికిస్తావు బాబా?"

ఫ్రిజ్జు మాట్లాడినట్టు చూసినాడు.

రాయచోటిలో మా ఓబులేసన్న గ్రిల్లు షాపు.
పదమూడేళ్ళప్పుడు అద్దం పట్టుకున్నా,
పదిహేనుకి హోల్డరు.
కొక్కిరి గీతలు పోయి నాణేలు పేర్చినట్టు అతుకు రావడానికి
రెండు ఎండాకాలాలు పట్టింది.
ఈ సంగతి ఏజెంటు కాగితంలో రాయలేదు.
వంట, ఇల్లు తుడుపు, అంతే రాసినాడు.

బాబా లెక్కబెట్టినాడు:
చలికాలం క్యాంపుకి పోయే ట్రైలరు కొక్కెం,
గుడారం గుంజలు,
వాళ్ళ నాయన పడవ లంగరు.

"ఎడారిలో గాలి ఊరుకోదు బాబా.
మిగ్ గ్యాసు గాలిలో దీపం.
అది కదిలితే అతుకంతా పురుగు తిన్న వంకాయ.
టిగ్‌కు ఇనుము కడిగిన ముత్యంలా ఉండాల.
నీ ట్రైలరు ఎప్పుడన్నా నీళ్ళు పోసుకునిందా?

ఈ పొట్టిదే తెచ్చుకో.
ముందు ఆరువేల పదమూడు రాడ్డు, తప్పు చేసినా తిట్టదు.
చెయ్యి కుదిరినాక ఏడువేల పద్దెనిమిది.
దానికి తడి గిట్టదు, సముద్రం పక్కన ఊరు మనది,
డబ్బా విప్పినాక వెచ్చగా దాచాల.
మిషనులో డబ్బు మిగుల్చుకో, మొహంమీది అద్దంలో వద్దు.
రాత్రి పడుకుంటే కళ్ళలో గుబారు లేస్తుంది,
అది తుడిస్తే పోదు.

గుంజలమీద తెల్ల పూత గీకకుండా నిప్పు పెట్టొద్దు.
మా అన్న పెట్టేవాడు. రాత్రికి చలిజరం.
పాలు తాగితే పోతుందనేవాడు.
ఎనిమిదేళ్ళు పాలు తాగినాడు."

బాబా పెన్ను ఆపినాడు.
ఏసీ చప్పుడు పెద్దదయింది.

"లంగరు?"
"అది ఏ ఇనుమో నాకు తెలీదు.
తెలీనిదానికి నిప్పు పెట్టను."

గురువారం సాయంత్రం కారు డిక్కీ తెరిచినాడు.
పొట్టి మిషను, రాడ్ల కట్టలు, తోలు గ్లౌజులు.
మొహం అద్దాలు రెండు.

పదకొండేళ్ళ తర్వాత గీకినా.
మొదటి రాడ్డు అతుక్కుపోయింది, విదిలించినా.
రెండోది పలికింది,
నూనెలో ఆవాలు పడినట్టు.
నాణేలు రాలేదు. పాము పాకినట్టు వచ్చింది.
చిప్పర సుత్తితో మట్టి రాలగొట్టి
బాబా దాన్ని ఫోటో తీసుకున్నాడు,
పుస్తకంలో అంకె రాసుకున్నాడు: తొంభై ఆంపులు.
నేను లోపలికి పరిగెత్తినా,
అన్నం అడుగంటతా ఉంది.

మరుసటి వారం మామా పాత టోస్టరు ఓవెను
గ్యారేజీకి దిగింది, అందులో రాడ్లు వెచ్చగా పండుకున్నాయి.
ఎవరైనా రొట్టె పెడతారేమోనని
టేపు అతికించి తెలుగులో రాసినా:
ఇది తిండికి కాదు.

ఏమని రాసినావు, అన్నాడు బాబా.
చెప్పినా.
కళ్ళజోడు పెట్టుకుని
ఆ అక్షరాలు చూసి చూసి, ఒక్కొక్క సున్నా చుట్టి,
మిషను పక్క గోడమీద
కుడినుంచి ఎడమకి
దించుకున్నాడు.